విద్యార్థినియైన తల్లి: పండిత రమాబాయి

భర్తచే విడువబడిన జానకి వాల్మీకి ఆశ్రమమున కుశలవులను కని పెంచెను. శకుంతల భరతుని కన్నది కణ్వాశ్రమమున అని భారతము, మారీచుని ఆశ్రమమున అని కాళిదాసు. ఏదైనను అది మునుల ఆశ్రమమే. మగతోడు లేని తల్లికి నీడయు, ఆమె బిడ్డకు విద్యయు ఒక్కచోట దొరుకవలెనన్న అది ఆశ్రమమే యని మన పూర్వులు ఎరిగియుండిరి. కాని ఆ తల్లియే చదువుకొన దలచినచో అంతదాక బిడ్డను ఎవరు ఎత్తుకొనవలెను? ఈ ప్రశ్న ఆ కథలలో కానరాదు. పందొమ్మిదవ శతాబ్దమున ఇది ఒక స్త్రీకి కథలో గాక జీవితమున ఎదురయ్యెను. అప్పటికి ఆమె వయస్సు ఇరువదిమూడేండ్లు. సంస్కృతమున కాశీ పండితులకు తీసిపోని విద్వత్తు, ఒడిలో పదినెలలైనను నిండని ఆడుబిడ్డ, నుదుట వైధవ్యము, చేతిలో శూన్యము. ఆమెయే పండిత రమాబాయి సరస్వతి.

రమాబాయి చరిత్రము ఆమె తండ్రితో ప్రారంభింపవలెను. అనంతశాస్త్రి డోంగ్రే చిత్పావన బ్రాహ్మణుడు, కన్నడదేశపు పడమటి కనుమల ప్రాంతమువాడు. బాల్యమున ఆయన పూనాలో చదువుకొనుచుండగా, ఆయన గురువు పీష్వా అంతఃపురమున రాణికి సంస్కృతము నేర్పుట చూచెను. ఆడువారు శ్లోకము చదువుట శాస్త్రిగారికి వింతగా తోచెను. తన యింటను అట్లే జరుగవలెనని కోరిక పుట్టెను. మొదటి భార్యకు ఆ విద్యయందు రుచి కలుగలేదు. ఆమె గతించిన తరువాత, నలువదినాలుగేండ్ల వయస్సున ఆయన తొమ్మిదేండ్ల లక్ష్మీబాయిని వివాహమాడెను. ఈ వయోభేదము నేడు వినువారికి ముల్లువలె గుచ్చుకొనును. ఆ కాలమున ఎవరును తప్పుపట్టలేదు. తప్పుపట్టినదెల్ల ఆయన ఆ పిల్లకు సంస్కృతము నేర్పుటనే. ఉడిపిలో పండితుల యెదుట నిలిచి, స్త్రీలకు కావ్యపురాణములు నేర్పుట దోషము కాదని శాస్త్రప్రమాణములతో శాస్త్రిగారు సమర్థించుకొనవలసివచ్చెను. పిమ్మట ఊరి రచ్చ వలదని భార్యతో గంగామూలమను కొండయడవికి పోయి ఆశ్రమము కట్టుకొనెను. మన తుంగభద్రలోని తుంగయు భద్రయు పుట్టునది ఆ కొండలోనే. అచ్చట 1858 ఏప్రిలు 23వ తేదీన రమాబాయి జన్మించెను.

ఆశ్రమమునకు విద్యార్థులు, యాత్రికులు, అతిథులు ఎడతెగక వచ్చుచుండిరి. అందరికిని అన్నము పెట్టుట శాస్త్రిగారి ధర్మము. వచ్చుబడి చూడక వ్యయము చేసినవాడు పండితుడైనను పామరుడైనను ఖాతా మాత్రము ఒకే తీరున ముగియును. పొలము అప్పులకు పోయెను. రమాబాయికి ఆరు నెలలు నిండునప్పటికి కుటుంబము తీర్థయాత్రకు బయలుదేరెను. పసిపిల్లను వెదురుబుట్టలో పరుండబెట్టి సేవకుడు తలపై మోసెను. ఆ యాత్ర పదునారేండ్లు సాగెను. గుళ్ళలో, చెరువుగట్లపై పురాణము చదువుట, వినువారు సమర్పించిన బియ్యము, పండ్లు, కాసులు గ్రహించుట, మిగిలినది దానము చేయుట, ఇదియే వారి వృత్తి. తండ్రి వృద్ధుడగుటచే రమాబాయికి చదువు చెప్పినది తల్లి. తెల్లవారక మునుపే పిల్లను లేపి, ఒడిలో కూర్చుండబెట్టుకొని శ్లోకములు వల్లె వేయించెడిది. పండ్రెండవ యేటికి పదునెనిమిదివేల శ్లోకముల భాగవతము ఆ పిల్లకు కంఠస్థమయ్యెను. పోతనగారి పద్యములు నాలుగు నోటికి వచ్చినందుకే పిల్లలను మెచ్చుకొను మన పల్లెలవారు ఆ సంఖ్యను ఒకమారు తలపోసి చూతురుగాక.

మరువరానిది మరియొకటి కలదు. శాస్త్రిగారు బిడ్డలకు సంస్కృతము తప్ప కూడుపెట్టు విద్య ఏదియు నేర్పలేదు. కరవు వచ్చినప్పుడు ఆ లోపము బయటపడెను.

1874 ప్రాంతమున దక్షిణదేశమున పంటలు లేవు, పురాణము వినువారును లేరు. ఇంటిలోని నగలు, గిన్నెలు, బట్టలు క్రమముగా అమ్ముడుపోయెను. తుది గింజయు తినిన తరువాత ఆ కుటుంబము తిరుపతి కొండయడవులకు చేరెను. వేంకటేశ్వరుని దర్శించిరి, తీర్థములాడిరి. పదునొకండు దినములు ఆకులు, నీరు, పిడికెడు అడవి ఈతపండ్లు తప్ప వేరాహారము లేదు. కండ్లు కానరాని వృద్ధుడగు శాస్త్రిగారు జలసమాధి చేయదలచెను. కుమారుడు శ్రీనివాసుడు అడ్డుపడి, తాను కూలిపనియైనను చేసి పోషింతునని బతిమాలి క్రిందికి తెచ్చెను. కాని ఆయన దేహము నిలువలేదు. ఆ యేడే కన్నుమూసెను. మన తెలుగునేల రమాబాయికి మిగిల్చిన జ్ఞాపకము ఇదియే. అదే 1874లో వీరేశలింగంగారు ధవళేశ్వరమున బాలికల పాఠశాల తెరచిరి. ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

కొలది నెలలకు రాయచూరు దాపున తల్లియు ఆకలిచే గతించెను. పాడె మోయుటకు నలుగురు కావలెను. కొడుకుగాక ఇద్దరు బ్రాహ్మణులు మాత్రమే వచ్చిరి. నాలుగవ కొమ్ము రమాబాయి పట్టెను. పొట్టి యగుటచే భుజమున కాక నెత్తిన మోసెను. తరువాత అక్క కృష్ణాబాయి విషూచిచే పోయెను. అన్నయు చెల్లెలును మిగిలిరి. వారిద్దరు దేశమంతయు కాలినడకన తిరిగి, స్త్రీవిద్యను గూర్చి సభలలో సంస్కృతమున ఉపన్యసించుచు 1878లో కలకత్తా చేరిరి. అచ్చటి పండితులు పరీక్షించి ఆమెకు పండిత, సరస్వతి అను బిరుదు లిచ్చిరి. ఇరువదేండ్ల కన్యకు అట్టి గౌరవము ఆ కాలమున అపూర్వము.

1880లో అన్న ఢాకాలో మరణించెను. అదే సంవత్సరము ఆమె బిపిన్ బిహారీ దాసు అను వకీలును వివాహమాడెను. ఆయన బంగాళీ, ఆమె మహారాష్ట్ర బ్రాహ్మణి. కులము వేరు, భాష వేరు. అస్సాములోని సిల్చారున కాపురము. 1881 ఏప్రిలు 16న కూతురు కలిగెను. మనోరమ యని పేరిడిరి. ఆ సంవత్సరము డిసెంబరులోనే రాజమహేంద్రవరమున వీరేశలింగంగారు తొలి వితంతువివాహము జరిపించిరి. రెండు నెలలు గడచునంతలో, 1882 ఫిబ్రవరి 4న, రమాబాయి తానే వితంతువయ్యెను. పెనిమిటి విషూచి వాత పడెను.

కులాంతరవివాహము వలన పుట్టినింటివారని చెప్పుకొనుటకును, అత్తవారని చేరుటకును దిక్కు లేదు. ఆమె బిడ్డతో పూనాకు వచ్చెను. మహదేవ గోవింద రానడే మొదలగు సంస్కర్తలు ఆదరించిరి. ఆ సంవత్సరమే ఆర్య మహిళా సమాజమును స్థాపించెను. హంటరు విద్యాసంఘము పూనాకు వచ్చినప్పుడు సాక్ష్యమిచ్చి, ఆడుపిల్లల బడులకు స్త్రీ ఉపాధ్యాయులు కావలెననియు, స్త్రీలకు వైద్యము చేయుటకు స్త్రీ వైద్యులు కావలెననియు చెప్పెను. తానే వైద్యవిద్య నభ్యసింప నెంచెను. అందుకు ఆంగ్లదేశము పోవలెను. మరాఠీలో స్త్రీధర్మనీతి యను పుస్తకము వ్రాసి అమ్మి, ఆ సొమ్ముతో పడవఖర్చు కూర్చుకొనెను. 1883లో, రెండేండ్ల మనోరమను చంకనిడుకొని ఓడ యెక్కెను.

ఆంగ్లదేశమున వాంటేజి యను పట్టణమందు క్రైస్తవ సన్యాసినుల మఠము ఒకటి కలదు. వారి శాఖ పూనాలోను పనిచేయుచుండెను గనుక పరిచయము కలిగెను. రమాబాయి అచ్చట వారికి మరాఠీ నేర్పునట్లును, వారు ఆమెకు ఆంగ్లము నేర్పి, తిండి, వసతి ఇచ్చునట్లును ఏర్పాటు జరిగెను. ఉచితముగా తినుట ఆమెకు ఇష్టము లేదు. ఆ సెప్టెంబరులో ఆమెయు కూతురును క్రైస్తవమతము స్వీకరించిరి. పూనాలో ఇది పెద్ద కలకలము రేపెను. శాస్త్రముల తుదిముట్ట చదివిన వ్యక్తి మతము మార్చుట మనవారికి నేటికిని మింగుడుపడని సంగతి. ఆమెకు మాత్రము అది తన ఎరుకతో చేసిన నిర్ణయము. ఈ చరిత్రమునకు ముఖ్యమైనది దానికి తరువాతి కథ.

చెవుడు క్రమముగా ముదురుటచే వైద్యకళాశాల ఆశ వదలుకొనవలసివచ్చెను. ఉపాధ్యాయినిగా సిద్ధపడదలచి 1884లో చెల్టెన్హాము స్త్రీకళాశాలలో చేరెను. అచ్చట సంస్కృతము నేర్పుచు గణితము, ప్రకృతిశాస్త్రము, ఆంగ్లసాహిత్యము చదివెను. చదువుచున్న తల్లి కళాశాల వసతిలో బిడ్డను ఉంచుకొన జాలదు. మనోరమ వాంటేజిలో సన్యాసినుల యొద్దనే ఉండెను. వారిలో జెరాల్డిన్ అను ఆమెను రమాబాయి మరాఠీలో ఆజీబాయి, అనగా అవ్వ, అని పిలిచెడిది. ఆ అవ్వ పిల్లను ముద్దుగా పెంచెను. జ్వరము వచ్చిన మేల్కొనెను, అక్షరములు దిద్దించెను. ఆ స్త్రీలు అట్లు చేయకున్న రమాబాయి చదువు సాగియుండదు. ఋణము నిజమైనది.

అయితే బిడ్డ నెత్తుకొన్నవారు బిడ్డ మనస్సునుకూడ తీర్చిదిద్దదలంతురు. రమాబాయి క్రైస్తవమతము గ్రహించెనే కాని మఠము చెప్పిన ప్రతి సిద్ధాంతమును గ్రహింపలేదు. వేదవేదాంగముల వాదములలో పెరిగిన బుద్ధి అది. ప్రమాణము చూపక ఒప్పించుట కష్టము. తనకు నమ్మకము లేని సిద్ధాంతమును తన కూతురుకు బోధింపరాదని ఆమె పట్టుబట్టెను. మఠమువారు నొచ్చుకొనిరి. పిల్ల మాయొద్ద పెరుగుచున్నది గదా యని వారి భావము. పిల్ల నాది గదా యని ఆమె భావము. ఉత్తరములు పోయెను, ఉత్తరములు వచ్చెను. వానిలో ప్రేమయు ఉన్నది, కోపమును ఉన్నది. అన్నము పెట్టువారికి లోబడకుండ, అన్నము పెట్టినందుకు కృతఘ్నురాలు కాకుండ నిలుచుట ఎంత కష్టమో ఆ ఉత్తరముల వలన తెలియుచున్నది. తల్లి తన హక్కును విడువలేదు. మఠముతో స్నేహమును తెంచుకొనలేదు.

1886లో ఆమె అమెరికా పోయెను. ఆమెకు బంధువగు ఆనందీబాయి జోషీ ఫిలడెల్ఫియా స్త్రీవైద్యకళాశాలలో మార్చి 11న పట్టము పొందనుండెను. ఆ యుత్సవము చూచుటకు వెళ్ళినది. కొన్ని నెలలనుకొన్న ప్రయాణము రెండేండ్లకు పైగా సాగెను. మనోరమ కొంతకాలము వెంట నుండి మరల వాంటేజికి పంపబడెను. ఐదేండ్ల బిడ్డను సముద్రము దాటించి పంపిన తల్లి హృదయము ఎట్లుండెనో వేరుగా వ్రాయనక్కరలేదు.

ఫిలడెల్ఫియాలో ఆమె కంటబడినది ఒక క్రొత్త బడి. దాని పేరు కిండరుగార్టెను, పిల్లల తోట యని అర్థము. ఫ్రోబెలు అను జర్మను ఉపాధ్యాయుడు 1840 నాడు ఆ పేరు పెట్టెను. మూడేండ్ల పిల్ల మొదలు ఆరేండ్ల పిల్ల వరకు అచ్చట చేరవచ్చును. బెత్తము లేదు, వల్లెవేత లేదు. ఉన్ని బంతులు, కొయ్య గోళములు, ఘనములు, చిన్న చిన్న ఇటుకలు, మడుచు కాగితములు, పాటలు, మడిలో నాటిన విత్తులు, ఇవే పాఠ్యపుస్తకములు. పిల్ల ఇటుకలు పేర్చి ఇల్లు కట్టుచునే లెక్క నేర్చుకొనును. చిన్ననాటి నుండి శ్లోకములు వల్లించిన రమాబాయికి ఇది మరియొక లోకముగ తోచియుండవలెను. ఆమె చూచి మెచ్చి ఊరకుండలేదు. బడిలో చేరి ఆ పద్ధతిని ఉపాధ్యాయినిగా అభ్యసించెను. మన దేశపు పిల్లలకు తగునట్లు మరాఠీ వాచకములు వ్రాసికొనుటకు ఆరంభించెను.

ఆమె యోచన యిది. మన దేశమున బాల్యవితంతువు ఇంటిలో భారము. ఆమెకు చదువు చెప్పి ఉపాధ్యాయినిని చేసినచో తన కూడు తాను సంపాదించుకొనును, ఆడుపిల్లల బడులకు గురువులు దొరుకుదురు. పసిపిల్లల బడి నడపుట ఆ వితంతువులు నేర్చుకొనదగిన విద్యలలో మొదటిది. ఒకేయొక పనిలో వితంతువునకు బ్రతుకును, శిశువునకు బడియు లభించును. తండ్రి తమకు కూడుపెట్టు విద్య నేర్పకపోవుట వలన తిరుపతి యడవిలో ఏమి జరిగెనో ఆమె మరువలేదు.

దీనికి సొమ్ము కావలెను. 1887లో హైందవ అగ్రవర్ణ స్త్రీల స్థితిని గూర్చి ఆంగ్లమున పుస్తకము వ్రాసెను. ఏడాదిలో సుమారు 9000 ప్రతులు చెల్లెను. ఆ డిసెంబరున బోస్టనులో రమాబాయి సంఘము ఏర్పడెను. పదేండ్లు ధనసహాయము చేయుదుమని వారు పత్రము వ్రాసిరి. అందు ముఖ్యమైన నిబంధన: పాఠశాలలో మతబోధ జరుగరాదు. ఏ మతపు పిల్ల యైనను తన ఆచారము తాను పాటించుకొనవచ్చును.

1889 ఫిబ్రవరి 1న ఆమె బొంబాయి చేరెను. మార్చి 11న చౌపాటీ దాపున శారదాసదనము తెరచెను. మొదటినాడు చేరినవారు ఇద్దరు. ఒకతె పెండ్లికాని బాలిక. రెండవది గోదూబాయి యను వితంతువు. ఎనిమిదేండ్ల ప్రాయముననే భర్తను కోల్పోయి, ఇరువదేండ్లు దాటినను అక్షరము ఎరుగక అత్తవారింట చాకిరి చేసిన స్త్రీ. ఆమె అన్న నరహరిపంతు చదువుకొనుచుండిన వాడు. ఇంటివారి నొప్పించి చెల్లెలిని తెచ్చి చేర్చెను. పెరిగిన స్త్రీ చిన్నపిల్లలతో కూర్చుండి ఓనమాలు దిద్దుట తేలిక కాదు. గోదూబాయి దిద్దెను.

సదనమున వంటయిల్లు బ్రాహ్మణాచారము ప్రకారమే సాగెను. పూజ చేసికొను పిల్ల పూజ చేసికొనెను, ఉపవాసముండు పిల్ల ఉపవాసముండెను. 1890 నవంబరులో సదనము పూనాకు మారెను. రానడే, భాండార్కరు వంటి పెద్దలు సలహాసంఘమున ఉండిరి. వితంతువులకు పువ్వులు ముట్టరాదు, అద్దము చూడరాదు అను కట్టుబాట్లు ఆ గోడల లోపల లేవు. సదనమున తోట ఉండెను. పిల్లలు పువ్వులు కోసికొని తలలో తురుముకొనిరి. కొందరికి అది జీవితమున మొదటిసారి.

తరువాత వచ్చిన తుపాను ఇరుపక్షముల నుండియు చూడదగినది. రమాబాయి తన గదిలో తన మతము ప్రకారము ప్రార్థన చేసికొనెడిది. ఆ గది తలుపు తెరచియే యుండెను. పిల్లలు ఆమెను అమ్మ వలె చూచుచుండిరి. అమ్మ యున్నచోటికి పిల్లలు పోవుట సహజము. కొందరు పోయి కూర్చుండిరి. తాను రమ్మనలేదనియు, వచ్చినవారిని పొమ్మనుట తన మతస్వాతంత్ర్యమునకు భంగమనియు ఆమె వాదము. పసితనమున నున్న, నిలువ నీడలేని పిల్లలపై ఆదరించినవారి ప్రభావము పిలుపు లేకయే పనిచేయుననియు, తలుపు మూయకపోవుట పిలుచుటయే యనియు పూనావారి వాదము. పత్రికలు నిప్పు రాజవేసెను. 1893లో సలహాసంఘమువారు రాజీనామా యిచ్చిరి. సంరక్షకులు వచ్చి ఇరువదిమందికి పైగా పిల్లలను తీసికొనిపోయిరి. వారిలో కొందరు ఏడ్చుచు పోయిరి. ఇంటిలో వారికి కాచికొనియున్నది మంగలికత్తియు చీకటిగదియు.

వాంటేజిలో తన బిడ్డ మనస్సుపై ఇతరులకు హక్కు లేదని వాదించిన తల్లియే, పదేండ్లు గడువక మునుపు పూనాలో ఇతరుల బిడ్డల విషయమున ఆ మఠము నిలిచిన చోటనే నిలిచెను. ఈ సంగతి ఆమెకు తోచెనో లేదో చెప్పజాలము. రమాబాయి నిష్కపటురాలు, అబద్ధమాడునది కాదు. ఆమె యెడ పిల్లల ప్రేమయు నిజము. అయినను మతబోధ ఉండదను మాటపై పిల్లలను అప్పగించిన తల్లిదండ్రులకు ఆ తలుపు మూసియుండునని ఆశించు హక్కు ఉండెను. పూనావారు మాత్రము పిల్లలను వెనుకకు తీసికొన్నంత వేగముగా వారికి వేరొక బడి కట్టలేదు. ఆ నింద వారిపైనను ఉన్నది.

ఆ బడిని కట్టినవాడు ఒక్కడు కలడు. అతడు రమాబాయి శిష్యురాలి భర్తయే యగుట విశేషము. ధోండో కేశవ కర్వే 1858 ఏప్రిలు 18న, అనగా రమాబాయికంటె ఐదు దినముల ముందు జన్మించెను. ఫర్గూసను కళాశాలలో గణితోపాధ్యాయుడు, భార్య గతించినవాడు, నరహరిపంతుకు మిత్రుడు. 1893 మార్చి 11న, శారదాసదనము నాలుగేండ్ల పండుగనాడే, ఆయన గోదూబాయిని వివాహమాడెను. ఆమె ఆనందీబాయి కర్వే అయ్యెను. స్వగ్రామమున కర్వేకు వెలి తప్పలేదు. 1896లో ఆయన హిందూ వితంతువుల కొక గృహమును స్థాపించెను. 1900లో అది పూనా చెంతనున్న హింగణే గ్రామమున పాకలోనికి మారెను. సదనమున జరిగిన కలహము చూచినవాడగుటచే, తన గృహమున హిందూ కుటుంబములకు అనుమానము కలుగు సందు లేకుండ చూచుకొనెను.

ఆ పాకకు వచ్చినవారిలో ఆనందీబాయి చెల్లెలు పార్వతీబాయి అఠవలే ఒకతె. ఇరువది యేండ్ల ప్రాయమున వితంతువైనది. ఆమెకు ఒక కొడుకు. రమాబాయికి వాంటేజిలో ఎదురైన ప్రశ్న ఈమెకు పూనాలో ఎదురయ్యెను. అక్క ఇల్లు ఆమెకు ఆశ్రమమయ్యెను. కొడుకు ఆ కుటుంబపు పిల్లలతో పెరిగెను, తల్లి పలక పట్టెను. చదివి, ఆ గృహమునకే కార్యకర్త్రియై, ఊరూర తిరిగి చందాలు వసూలు చేసెను. తరువాత అమెరికా దాక పోయివచ్చెను. రమాబాయి నాటిన విత్తు రమాబాయి దొడ్డిలోనే మొలవలేదు, ప్రక్క దొడ్డిలోను మొలచెను.

శారదాసదనము మూతపడలేదు. అమెరికా సంఘము మాట తప్పలేదు. అయినను ఎల్లకాలము పరుల చందాపై బ్రతుకుట రమాబాయికి రుచింపలేదు. పూనాకు నలువది మైళ్ళ దూరమున కేడ్‌గాం వద్ద నూరెకరముల బీడుభూమి కొని, బావులు త్రవ్వించి, పండ్లతోట వేయించెను. తోట ఫలించులోపలనే 1896-97 కరవు మధ్యపరగణాలను కబళించెను. వినగానే తిరుపతి యడవి ఆమె కండ్లకు కట్టెను. తానే బయలుదేరి సుమారు 300 మంది వితంతువులను, అనాథబాలికలను వెంట తెచ్చెను. అంతలో పూనాలో ప్లేగు చెలరేగుటచే వారిని పట్టణమున నుంచ వీలుపడక కేడ్‌గాం తోటలో డేరాలు, పాకలు వేసెను. ఆ వాసమునకు ముక్తి యని పేరు. 1900 నాటి గుజరాతు కరవు తరువాత అచ్చటి జనము 1500 దాటెను.

అంతమందికి అన్నము పెట్టుట తండ్రియు చేసెను. కూతురు అన్నముతోపాటు పనియు పెట్టెను. మగ్గములు, నూనెగానుగ, పాడిపశువులు, పొలము, చాకిరేవు, అచ్చుకూటము, అన్నియు స్త్రీలే నడపిరి. గంగామూలపు ఖాతాకును ముక్తి ఖాతాకును గల భేదము ఇదియే. నడువనేర్చిన పసిపిల్లలు వందలకొలది. వారికి పిల్లల తోట బడి. వారికి బంతులు, ఇటుకలు అందించి పాట నేర్పువారు ఉపాధ్యాయినులుగా తరిఫీదగుచున్న యువతులు. ఫిలడెల్ఫియాలో ఆమె నేర్చినది కేడ్‌గాం దుమ్ములో పాఠమయ్యెను. ఇచ్చట మతవిషయమున దాపరికము లేదు. ముక్తి క్రైస్తవ సంస్థ యని ఆమె బహిరంగముగ చెప్పెను.

మనోరమ సంగతి. మాతృదేశము చేరిన పిదప తల్లికూతుండ్రు మరల కలిసిరి. మనోరమ ఆంగ్లదేశమునను అమెరికాలోను చదివివచ్చి తల్లికి కుడిభుజమయ్యెను. బొంబాయి విశ్వవిద్యాలయపు బి.ఏ. పట్టము పొందెను. చేతితో తడవి చదువు బ్రెయిలీ లిపి నేర్చి ముక్తిలోని అంధులకు నేర్పెను. 1912లో అప్పటి నిజాము రాజ్యమందలి గుల్బర్గాలో ఉన్నతపాఠశాల స్థాపించినప్పుడు దాని ప్రధానోపాధ్యాయిని ఆమెయే. వాంటేజి అవ్వ ఒడిలో అక్షరములు దిద్దిన పిల్ల ఈమె.

చెవులు పూర్తిగా వినరాక, రమాబాయి చివరి సంవత్సరములు గ్రంథముల నడుమ గడపెను. హీబ్రూ, గ్రీకు భాషలు పట్టుదలతో నేర్చి బైబిలును మూలము నుండి సులభమైన మరాఠీలోనికి తెనిగించినట్లు, అనగా పామరునకు తెలియునట్లు, మార్చెను. అక్షరములు కూర్చినది, అచ్చు వేసినది, కుట్టినది ముక్తి స్త్రీలే. 1919లో ప్రభుత్వము కైజర్-ఇ-హింద్ పతకమిచ్చెను.

1921 జూలై 24న మనోరమ కన్నుమూసెను; ఆమెకు నలువదేండ్లు. అరువదిమూడేండ్ల తల్లి బిడ్డను సాగనంపి మరల అచ్చుప్రతులు దిద్దుటకు కూర్చుండెను. తొమ్మిది నెలలైనను నిండక మునుపే, 1922 ఏప్రిలు 5న, నిద్రలోనే తానును పోయెను. ఆమె దిద్దిన గ్రంథము 1924లో వెలువడెను. భారత ప్రభుత్వము 1989లో ఆమె బొమ్మతో తపాలాబిళ్ళ వెలువరించెను. శారదాసదనము తెరచి అప్పటికి సరిగా నూరేండ్లు.